టీవీ ఏ దర్వాజాలోంచి వచ్చింది?

మా ఇంట్లోకి మొదటి టీవీ దొడ్డి దర్వాజాలోంచి వచ్చింది. అది 1990. నాకు పన్నెండేళ్లు. ఇషా నమాజు అయిపోయి, వీధిలో అలికిడి తగ్గాక, అబ్బా రిక్షాలో ఒక పెట్టె తెచ్చారు. దానికి పాత దుప్పటి చుట్టి ఉంది. ముందు వాకిట్లో దించకుండా పక్క సందులోంచి, బావి దగ్గరనుంచి తిప్పి లోపలికి చేర్పించారు. ముందటి జుమా బయాన్‌లోనే ఇమామ్ సాబ్ టీవీ మీద చాలా సఖ్త్‌గా మాట్లాడి ఉన్నారు. అబ్బా మస్జిద్‌లో మొదటి సఫ్‌లో నిలబడే మనిషి. ఆ పెట్టె ఎవరి కంటా పడకూడదు.

మర్నాటికి మిద్దె మీద యాంటెనా లేచింది. దానికి దుప్పటి కప్పలేం కదా! వారం తిరక్కముందే ఇమామ్ సాబ్ చిన్నకొడుకే మా గడపలో కూర్చుని దూరదర్శన్‌లో టీపూ సుల్తాన్ సీరియల్ చూశాడు.

ఆ పెట్టె వల్ల అబ్బాకి ఎన్ని మాటలు పడ్డాయో నాకు తెలుసు. కానీ ఒక్క మాట మాత్రం ఎవరూ అనలేకపోయారు. అప్పు చేసి కొన్నాడని అనలేదు. ఇంకొకరి గొంతు మీద కూర్చుని తెచ్చుకున్నాడని అనలేదు. అబ్బా దర్జీ. రెండు రంజాన్ల పాటు సహ్రీ దాకా మిషన్ తొక్కి, ఈద్ బట్టలు కుట్టి, బిస్కెట్ డబ్బాలో దాచిన డబ్బు అది. దొడ్డి దర్వాజాలోంచి వచ్చినా అది హలాల్ కమాయీతో వచ్చింది.

ముప్పై అయిదేళ్ల తర్వాత, మొన్న మా ఇంటికి 43 అంగుళాల ఫ్లాట్ టీవీ వచ్చింది. ఈసారి పట్టపగలు, ముందు వాకిట్లోంచే. డెలివరీ కుర్రోళ్లు పెట్టె దించుతుంటే అమ్మీ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. అడిగింది ఒకటే మాట: "కిస్తా? నఖ్దా?"

"నఖ్దే అమ్మీ," అన్నాను.

"అయితే తీసుకురా లోపలికి," అంది.

ఆ సవాల్ విన్నాక ఈ రాత రాయాలనిపించింది. మన బుజుర్గులు టీవీలో ఏం కనిపిస్తుంది అన్న దాని మీద ముప్పై ఏళ్లు బహస్ చేశారు. టీవీ ఇంట్లోకి ఎలా వస్తోంది అన్న దాని మీద మనం ఒక్క పూటైనా మాట్లాడుకోలేదు. ఇప్పుడు అందరి ఇళ్లలోకీ టీవీ ముందు దర్వాజాలోంచే దర్జాగా వస్తోంది. దాని వెనకాలే దొడ్డి దర్వాజాలోంచి ఇంకేవో వస్తున్నాయి. సూద్ వస్తోంది. జహేజ్ వస్తోంది. దిఖావా వస్తోంది. వాటికి మనం దుప్పటి కూడా చుట్టడం లేదు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. అసలు టీవీ ఎందుకు అనే వాళ్లు మనలో ఇంకా ఉన్నారు. తస్వీర్ విషయంలో ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, నేను ముఫ్తీని కాను, దాంట్లోకి వెళ్లను. కానీ టీవీ లేని ఇల్లు అని చెప్పుకునే ఇంట్లో ఎన్ని ఫోన్లు ఉన్నాయో లెక్కపెట్టండి. టీవీ కనీసం హాల్లో, అందరి ముందూ మోగుతుంది. ఫోను రజాయి కింద మోగుతుంది. పిల్లలు ఏం చూస్తున్నారో తెలియాలంటే నాకు హాల్లో ఉన్న టీవీయే మేలు.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. అది ఎగిరింది మన శ్రీహరికోట నుంచే. 2022లో జిల్లాలు విడదీసేదాకా శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాదే. మైపాడు దారిలో ఉన్న మా ఊళ్లో, ఆకాశం తేటగా ఉంటే, రాకెట్ పోయిన పొగచార మిద్దె మీదనుంచి కనిపిస్తుంది. అలాంటి ఊళ్లో ఆ సాయంత్రం మేం ఏం చేశాం? పాత టీవీ అప్పటికే పాడై మూలన పడింది. నలుగురం నాలుగు ఫోన్లలో చూశాం. ఒక్కో ఫోనుకి ఒక్కో ఆలస్యం. ముందు గదిలోంచి బేటీ కేక, తర్వాత మిద్దె మీదనుంచి బేటా కేక, ఆ తర్వాత వంటింట్లో మా బేగం చప్పట్లు. నా ఫోన్లో ఇంకా దిగనే లేదు! ఒకే ఇంట్లో ఒకే ఖుషీ నాలుగు ముక్కలై నాలుగు సార్లు వచ్చింది. అమ్మీ చేతిలో ఫోను లేదు, ఆమెకు అసలు రాలేదు.

చిన్నప్పుడు ఆదివారం పొద్దున వీధంతా ఒక రెడ్డిగారింట్లో కూర్చుని మహాభారత్ చూసేవాళ్లం. హిందూ పిల్లలు, మేము, అందరం ఒకే చాప మీద. ఆ సీరియల్‌కి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా సాబ్ అని నాకు కాలేజీలో తెలుగు చదివే రోజుల్లో తెలిసింది. తెలిసిన రోజు ఆ చాప గుర్తొచ్చింది. పెద్ద తెర కొనాలంటే నాకున్న కారణం అదొక్కటే. ఇంట్లో చాప మళ్లీ పరవాలి.

సరే, కొందామని తీర్మానం చేసుకుని, మొన్న అక్టోబరులో బేటీని వెంటబెట్టుకుని నెల్లూరులో ఒక షాపుకి వెళ్లాను. జేబులో క్రెడిట్ కార్డు ఉంది. మనసులో 55 అంగుళాలు ఉంది. సేల్స్ కుర్రాడు పన్ను తగ్గింది సార్, ఇప్పుడు తీసుకోకపోతే ఇంకెప్పుడు తీసుకుంటారు అన్నాడు. పన్ను తగ్గిన మాట నిజం. 32 అంగుళాల దాకా ఉన్న టీవీల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచే 18 శాతం. అంతకు మించినవాటి మీద 28 ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికీ 18 చేశారు. అంటే పన్ను లేకుండా 20,000 ఉండే టీవీ ముందు 25,600 పడేది, ఇప్పుడు 23,600 పడాలి. రెండు వేలు మిగులు. మిగిలిన రెండు వేలు ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఆ షాపులో నాకు ఎవరూ కనిపించలేదు. రెండు వేలు తగ్గిందని పది వేలు ఎక్కువదాని దగ్గరికి నడుస్తున్నాం. నేనూ నడిచాను.

అక్కడ నా ముందు ఒక చాచా నిలబడి ఉన్నారు. సముద్రం వైపు ఊరే, రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. అమెరికా వాళ్లు ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక గుంటల మీద పని తగ్గిందని, అయినా నెలకు పద్నాలుగు వేలు వస్తోంది అల్‌హమ్‌దులిల్లాహ్ అని చెప్పారు. చేతిలో ఫైనాన్స్ కాగితాలు. నా కళ్లజోడు చూసి దగ్గరికొచ్చారు.

"భాయ్‌సాబ్, ఇంగ్లీషులో ఉండాది. జర చదివి చెప్తారా, ఏం రాసుండాదో?"

చదివాను. 55 అంగుళాల టీవీ, 36,000. నెలకు మూడు వేలు, పన్నెండు నెలలు. ముందుగా ప్రాసెసింగ్ ఫీజు. ప్రతి నెలా అయిదో తేదీన బ్యాంకులోంచి కిస్తు తీసుకుంటారు. ఖాతాలో డబ్బు లేకపోతే బౌన్స్ చార్జీ, దాని మీద ఆలస్యానికి రుసుము. అన్నీ చెప్పాను.

"చాచా, ఇంత పెద్దది ఎందుకు? ఇంట్లో ఎంతమంది?"

"ఇంటికి కాదు బేటా. బిడ్డ నికాహ్. లడ్కేవాలే యాభై అయిదు అన్నారు. తక్కువది పంపితే రేపు బిడ్డని మాటలంటారు గదా."

ఆయన సంతకం పెట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను. జర్నలిస్టుని, ఇరవై ఏళ్లుగా అడగడమే నా పని. ఆ రోజు నాకు నోరు రాలేదు. రాకపోవడానికి వజహ్ కూడా నాకు తెలుసు. నా జేబులోనూ కార్డు ఉంది, నేనూ అదే కిస్తులో అదే సైజు కొనడానికి వచ్చాను. ఏ మొహంతో చెప్పను?

టీవీ కొనకుండానే బయటికి వచ్చేశాం. దారిలో బండి మీద వెనకనుంచి బేటీ అడిగింది: "అబ్బూ, ఆ తాత ఏడాదంతా కడతాడు. ఆ టీవీ ఆయన ఒక్కరోజైనా చూస్తాడా?"

ఇంటికొచ్చి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

మొదట సూద్ సంగతి. "నో కాస్ట్ ఈఎంఐ" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. వడ్డీ లేదంటే మనకు ప్రాణం లేచొస్తుంది, సూద్ లేదు కాబట్టి జాయిజ్ అనుకుంటాం. నిజంగా వడ్డీ లేదా? నేను కార్డు మీద కొనబోయిన లెక్కే చూడండి. 36,000 టీవీకి నెలకు మూడు వేల చొప్పున పన్నెండు కిస్తులు. బ్యాంకు ఏడాదికి 15 శాతం వడ్డీ వేసుకుంటుంది అనుకుందాం. అప్పుడు బ్యాంకు ఖాతాల్లో నా పేరున పడే అప్పు 36,000 కాదు, సుమారు 33,240. మిగతా 2,760 వడ్డీ. ఆ మేరకు కంపెనీయో, షాపో ధరలో తగ్గింపు ఇస్తుంది. ఆ తగ్గింపు మన చేతికి రాకుండా వడ్డీ రూపంలో బ్యాంకు చేతికి పోతుంది. కార్డు మీదైతే ఆ వడ్డీ భాగానికి 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి. ఈ లెక్కలో దగ్గర దగ్గర 500 రూపాయలు. లేని వడ్డీ మీద పన్ను ఎక్కడినుంచి వచ్చింది? రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులకు చెప్పింది, సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదు, ఆ పేరు చెప్పి జనాన్ని మభ్యపెట్టొద్దు అని. పేరు మార్చుకుని అది మళ్లీ వచ్చింది.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. కిస్తు అంటేనే హరామ్ అని నేను అనడం లేదు. అమ్మేవాడు వాయిదాల ధర ఇంత అని ముందే తేల్చి, ఆలస్యమైనా ఒక్క రూపాయి పెంచకుండా తీసుకుంటే చాలామంది ఉలమా అది జాయిజే అంటారు. మా అబ్బా కుట్టుమిషన్ అలాగే కొన్నారు, ఊళ్లో షాపాయన నోటు పుస్తకంలో రాసుకుని పది నెలల్లో తీసుకున్నాడు. ఇప్పుడు మధ్యలో అప్పిచ్చేవాడు, వడ్డీ, ఆలస్యం మీద జుర్మానా అన్నీ ఉన్నాయి. సూరె బఖరాలో 275 నుంచి 279 దాకా ఆయత్‌లు తీసి చూడండి, సూద్ గురించి ఎంత సఖ్త్‌గా హెచ్చరించాడో అల్లాహ్. ఆ తర్వాత మీ కాగితం తీసుకుని మీ మౌలానా సాబ్ దగ్గరికి వెళ్లండి. "ఇది కొనొచ్చా" అని టీవీని చూపించకుండా, ఆ కాగితాన్ని చూపించి అడగండి.

నఖ్ద్‌గా కొనేవాడికి ఇందులో ఇంకో ఫాయిదా ఉంది. బ్యాంకుకి పోయే ఆ 2,760 ధరలోనే దాగి ఉంది కదా. "నాకు కిస్తు వద్దు, నఖ్ద్ ఇస్తాను, ఆ తగ్గింపు నాకివ్వు" అని అడగొచ్చు. అంతా ఇవ్వకపోయినా కొంత ఇస్తారు. నేను అడిగాను, వెయ్యి తగ్గించి గోడకు బిగించే స్టాండు ఉచితంగా ఇచ్చారు.

నఖ్ద్ ఎక్కడినుంచి తేవాలి అంటారు. మా ఖాందాన్‌లో ఆడవాళ్లు పాట లేని చీటీ వేశారు. పది ఇళ్లు, ఇంటికి 2,500, పది నెలలు. నెలకొకరికి పేరు తీసి 25,000 ఇస్తారు. వేలం పాట లేదు, తగ్గించుకోవడం లేదు, ఎంత వేస్తే అంతే వస్తుంది. పాట ఉన్న చీటీలో తొందర ఉన్నవాడు నష్టపోతాడు, ఇందులో అందరూ ఒకరినొకరు మోసుకుంటారు. నా అదృష్టం, రెండో నెలలోనే నా పేరు వచ్చింది.

రెండోది జహేజ్. ఆ చాచా మీద నాకు కోపం లేదు. కోపమంతా "యాభై అయిదు" అని అంకె చెప్పి పంపిన మనుషుల మీద. మనింట్లో నికాహ్‌లో అబ్బాయి ఇవ్వాల్సింది మెహర్. అమ్మాయి ఇంటివాళ్లు ఇవ్వాల్సింది ఏమీ లేదు. హజ్రత్ అలీ (రజి) దగ్గర హజ్రత్ ఫాతిమా (రజి)కి ఇవ్వడానికి ఏమీ లేకపోతే, నీ జిరహ్ ఉంది కదా, ఆ యుద్ధ కవచం ఇవ్వు అని రసూలుల్లాహ్ (స) చెప్పినట్టు అబూ దావూద్ హదీసుల్లో ఉంది. పెళ్లికొడుకు తన ఒంటిమీది కవచం తీసి ఇచ్చిన చోట, మనం పెళ్లికూతురు అబ్బా గుండెల మీదనుంచి టీవీ తీసుకుంటున్నాం. పైగా "జహేజ్-ఎ-ఫాతిమా" అని పేరు పెట్టుకుని దాన్ని సున్నత్ చేసేశాం.

చట్టం కూడా ఈ ఫరక్ గుర్తించింది. 1961 వరకట్న నిషేధ చట్టంలో వరకట్నం అంటే ఏమిటో చెప్పే సెక్షన్‌లోనే, ముస్లిముల మెహర్ ఇందులోకి రాదు అని విడిగా రాశారు. అడిగి తీసుకునే సామాన్ మాత్రం నిక్కచ్చిగా వస్తుంది. తీసుకున్నవాళ్లకే కాదు, ఇచ్చినవాళ్లకూ కనీసం అయిదేళ్ల జైలు అంటుంది ఆ చట్టం. ఎవరూ అడగకుండా తల్లిదండ్రులు ప్రేమతో ఇచ్చే కానుకలకు, జాబితా రాసిపెట్టే షరతు మీద, వీలిచ్చింది. మరి ప్రేమతో ఇచ్చేదానికి అంగుళాలు అవతలివాళ్లు చెబుతారా?

దీని వెనక ఇంకో జుల్మ్ ఉంది, అది ఎవరూ మాట్లాడరు. సూరె నిసాలో అల్లాహ్ కూతురికి విరాసత్‌లో హిస్సా రాసిపెట్టాడు. అబ్బా పోయాక ఆ హిస్సా అడిగితే అన్నదమ్ములు ఏమంటారు? "నీ నికాహ్‌కి టీవీ ఇచ్చాం, ఫ్రిజ్ ఇచ్చాం, బండి ఇచ్చాం, ఇంకా ఏం హిస్సా?" అంటారు. టీవీ ఏడెనిమిదేళ్లకు మూలన పడే వస్తువు. దాన్ని చూపించి ఎకరంలోనో, ఇంట్లోనో బిడ్డకు రావాల్సిన హఖ్ కొట్టేస్తున్నాం. నన్నడిగితే జహేజ్ టీవీ చాలా ఖరీదైన టీవీ. దాని అసలు ధర పెట్టె మీద ఉండదు.

మూడోది దిఖావా. నాకెందుకు 55 కావాలనిపించింది? మా బావమరిది ఇంట్లో 55 ఉంది కాబట్టి. అంతకు మించి ఇంకో కారణం లేదు. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచాను. మా హాల్లో దీవాన్‌కీ ఎదురు గోడకీ మధ్య ఆరడుగులే ఉంది. మామూలుగా చెప్పే లెక్క ఏమిటంటే, తెర మూల నుంచి మూలకు ఎన్ని అంగుళాలో దానికి ఒకటిన్నర రెట్లు దూరం కూర్చోవాలి. 43కి అయిదున్నర అడుగులు చాలు. 55కి దగ్గర దగ్గర ఏడడుగులు కావాలి. మా ఇంట్లో 55 పెడితే అమ్మీ తల అటూ ఇటూ తిప్పుకుంటూ చూడాలి, లేదా గోడ వెనక్కి జరపాలి.

మీకు పనికొస్తాయని నేను నేర్చుకున్నవి ఇంకొన్ని చెబుతాను. టీవీ అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు. పాత డబ్బా టీవీ తెర నాలుగు వెడల్పయితే మూడు ఎత్తు. ఇప్పటివి పదహారుకు తొమ్మిది. అందుకే పాత 29 తీసేసి కొత్త 32 తెచ్చుకున్నవాళ్లు బొమ్మ పెరగలేదేమిటని ఆశ్చర్యపోతారు. వెడల్పు పెరిగింది, ఎత్తు పెరగలేదు, ఇంకా కాస్త తగ్గినా తగ్గుతుంది. కొత్త 43 తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53 ఎత్తు. ఆ కొలతకు పాత న్యూస్‌పేపర్ కత్తిరించి గోడకు అంటించి రెండు రోజులు చూసుకోండి. మేం అలాగే చేశాం. షాపులో చిన్నగా కనిపించిన 43 మా గోడ మీద నిండుగా కనిపించింది.

పాత ప్రోగ్రాములు చూసేటప్పుడు అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి. అది టీవీ తప్పు కాదు, రానివ్వండి. తెర నిండాలని మావాడు రిమోట్ నొక్కి సాగదీశాడు. 1988 నాటి మీర్జా గాలిబ్ సీరియల్ పెట్టుకుంటే నసీరుద్దీన్ షా ముఖం గుమ్మడికాయంత అయింది. గాలిబ్‌కి అప్పుల బాధ చాలక ఇదొకటా అని సరిచేశాను.

ఫుల్ హెచ్‌డీ తెరలో సుమారు 20 లక్షల చుక్కలుంటాయి, 4కేలో దానికి నాలుగింతలు, 83 లక్షల దాకా. హెచ్‌డీ రెడీ అని రాసి ఉంటే ఫుల్ హెచ్‌డీ కాదని అర్థం. మన మామూలు తెలుగు ఛానళ్లు 4కేలో రావు. అందుకని 43లో 4కే తక్కువ తేడాతో వస్తే తీసుకోండి, దానికోసం ఖర్జ్ మాత్రం చేయకండి. ఎల్‌ఈడీ టీవీ అంటే వెనకనుంచి ఎల్‌ఈడీ దీపాల వెలుగు పడే ఎల్‌సీడీ తెరే. ఓఎల్‌ఈడీలో ఒక్కో చుక్క తనంతట తనే వెలుగుతుంది, నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది, ధర కూడా నిజంగా ధరే. పగలంతా కిటికీలు తెరిచి ఉండే మన ఇళ్లకు మామూలు ఎల్‌ఈడీ చాలు.

సముద్రం గాలి సంగతి మరవకండి. ఉప్పు గాలికి మా ఇంట్లో తలుపు గొళ్లాలే నిలవవు. కిటికీకి ఎదురుగా బిగించొద్దు, గోడకూ టీవీకీ మధ్య గాలి ఆడే సందు ఉంచండి, స్టాండు బోల్టులు ఏడాదికోసారి చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, పిడుగులు. ఉరుము వినపడగానే ప్లగ్గుతోపాటు కేబుల్ వైరు కూడా పీకేయండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నేను వార్తలకు వెళ్లిన ఇళ్లలో బల్లల మీది టీవీలన్నీ బురదలో ఉన్నాయి, గోడకు కాస్త ఎత్తుగా ఉన్నవి కొన్ని మిగిలాయి. నెలనెలా కట్టలేని ఇళ్లకు దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ ఉంది, డిష్ ఒకసారి బిగించుకుంటే నెల చందా లేదు. పిల్లలున్న ఇళ్లలో మొదటి రోజే టీవీకి పిన్ నంబరు పెట్టండి.

ఇప్పుడు మా ఇంట్లో టీవీ హాల్లో ఉంది, పడకగదిలో లేదు. ఇది మా షరతు. అజాన్ వినపడితే ఆగుతుంది, దస్తర్‌ఖాన్ పరిస్తే ఆగుతుంది. ఇవి నోటితో చెప్పినంత సులువుగా నడవడం లేదని కూడా చెప్పాలి. క్రికెట్ ఉన్నరోజు దస్తర్‌ఖానే టీవీ ముందుకు జరుగుతోంది. షుగర్ వల్ల అమ్మీకి చూపు తగ్గింది, ఫోన్లో ఏమీ కనిపించదు. ఇప్పుడు రోజూ కాసేపు మక్కా నుంచి వచ్చే ప్రసారం పెట్టమంటుంది. తవాఫ్ చేసేవాళ్లను చూస్తూ తస్బీహ్ తిప్పుకుంటుంది. వచ్చే రంజాన్‌లో ఇక్కడి తరావీహ్ అయ్యాక, మన రాత్రి పదకొండు దాటాక, అక్కడి తరావీహ్ చూస్తానంటోంది. హజ్‌కి పంపే తాఖత్ నాకు లేకపోయింది. ఆమె ఆ తెర ముందు కూర్చున్నప్పుడల్లా నాకు సంతోషమూ, సిగ్గూ రెండూ కలుగుతాయి.

ఇదంతా రాసినా ఆ చాచా దగ్గర నోరు తెరవని తప్పు నా మీద అలాగే ఉంది. ఆయన్ని ఆపలేకపోయాను. ఆపాల్సింది కూడా ఆయన్ని కాదు. సంతకం పెట్టే చేతిని పట్టుకుంటే లాభం లేదు. అంకె చెప్పే నోటిని ఆపాలి. ఆ నోరు మనిళ్లలోనే ఉంది. కొడుకులున్న ఇళ్లలో ఉంది. మా ఇంట్లోనూ ఒక కొడుకున్నాడు.

అందుకని కొడుకులున్న అమ్మీ-అబ్బాలకు ఒక గుజారిష్. రిష్తా మాట్లాడే రోజునే, అవతలివాళ్లు అడగకముందే, "మా ఇంట్లో టీవీ ఉంది, మీరు పంపొద్దు" అని చెప్పేయండి. లేకపోతే "లేదు, మేమే కొనుక్కుంటాం" అనండి. "మాకేమీ వద్దు, మీ ఖుషీ" అని వదిలేయకండి. ఆ "మీ ఖుషీ" అన్న మాటలోనే యాభై అయిదు అంగుళాలు దాక్కుని ఉంటాయి. మస్జిద్ కమిటీలకు ఇంకో గుజారిష్. నికాహ్ రాసేముందు మెహర్ ఎంత అని అడుగుతారు కదా, సామాన్ ఏమిటి, ఎవరు అడిగారు, ఏ ఖర్జ్ మీద వచ్చింది అని కూడా ఒక మాట అడగండి. టీవీ మీద జుమా బయాన్ ఇవ్వడానికి ఇప్పటికీ ఆలస్యం కాలేదు. ఈసారి తెరలో కనిపించేదాన్ని పక్కనపెట్టి, పెట్టె వెనక అంటించిన కిస్తు కాగితం మీద ఇవ్వండి.

మా వాడికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. వాడి రిష్తా రోజున నేను ఏమంటానో అని బేటీ ఇప్పటినుంచే కనిపెట్టుకుని ఉంది. ఇక్కడ రాసిపెడుతున్నాను, ఆ రోజు మాట మారిస్తే ఈ పేజీ తీసి నా ముందు పెట్టమని ఆమెకూ, మీకూ చెబుతున్నాను.